మొగ్గకు అందని అద్దాలు

రైతు తిరుపతి చేనులో సాయంత్రం పూట ఆడవాళ్లంతా వరుసకట్టి పత్తి మొగ్గలు గిల్లుతుంటే, వాళ్ల వెనుక కాస్త ఎడంగా ఒక మనిషి ఒక్కతే నడుస్తుంది. ముందువాళ్లు గిల్లి వదిలిన ప్రతి మొగ్గనూ ముఖం దగ్గరికి లాక్కుని లోపలికి చూస్తుంది. బాగుంటే దానికి ఎర్రకాగితం ముక్క తొడిగి ముందుకు కదులుతుంది. ఆమె పేరు జములమ్మ. ఇటిక్యాల చుట్టుపక్కల విత్తన పత్తి వేసే రైతుల్లో ఆమెను ఎరగనివాళ్లు తక్కువ. "జములమ్మ గుంపు వస్తుందా? అయితే ఫికరు లేదు తియ్" అంటారు.

విత్తన పత్తి దూది కోసం వేసేది కాదు. వచ్చే ఏడు రైతులు నాటుకునే గింజ కోసం వేసేది. కొన్ని సాళ్లు మగ మొక్కలు, తక్కినవన్నీ ఆడ మొక్కలు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులనూ లోపలి పుప్పొడి గింజలనూ ఒక్క తిప్పుతో ఒలిచేయాలి. మధ్యలో సన్నటి కాడ ఒక్కటే మిగలాలి. మర్నాడు పొద్దున ఎర్రకాగితం గుర్తుతో ఆ మొగ్గను వెతికి, మగ పువ్వు తెచ్చి కాడకు రుద్దుతారు. ఇదే మా వైపు క్రాసింగ్ పని. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి. కాడ మొదట్లో పుప్పొడి గింజ ఒక్కటి మిగిలిపోయినా ఆ కాయ సొంత పుప్పొడితోనే కడుతుంది. పైకి మాత్రం మంచికాయ లాగే ఉంటుంది. పంటంతా ఇచ్చిన తర్వాత, కంపెనీ వాళ్లు ఆ గింజల్లో కొన్నింటిని మొలిపించి చూసినప్పుడు బండారం బయటపడుతుంది. అలాంటివి ఎక్కువగా తేలితే ఆ రైతు ఇచ్చిన గింజల లాటు మొత్తం ఫెయిల్. రైతు ఏడాది రెక్కల కష్టం మట్టిపాలు.

ఆ మిగిలే గింజ ఎంతుంటుందంటే, కొర్రగింజలో సగం కూడా ఉండదు. దాన్ని పట్టుకోవడానికే జములమ్మ వెనుక నడిచేది.

మూడో తరగతిలో బడి మాన్పించి ఈ పనిలోకి తెచ్చారామెను. అప్పట్లో మొగ్గ గిల్లడానికి చిన్న వేళ్లే కావాలనేవారు. ఆ వేళ్లు పెరిగి, పెళ్లయి, సౌందర్య పుట్టి, ఆ పిల్ల వనపర్తిలో నర్సింగు చదువుకు పోయిన తర్వాత కూడా జములమ్మ పత్తి సాళ్లలోనే ఉంది. భర్త రాయచూరు మార్కెట్లో హమాలీ, పండగకో పబ్బానికో వస్తాడు. ఈ మనిషికి లోకంలో తనదంటూ ఉన్నది ఒక్కటే, గుంపు వెనుక నడిచే ఆ చోటు. ఆ చోటు కండ్ల మీద నిలబడి ఉంది. ఆ కండ్లు నిరుటి నుంచి మొరాయించడం మొదలుపెట్టాయి.

మొదట్లో పెబ్బేరు సంతలో రోడ్డు పక్క అమ్మే అద్దాల జోడు ఒకటి కొనుక్కుంది. రెండు కండ్లకూ పవర్ వేరువేరుగా ఉన్న మనిషికి ఆ జోడు ఏం పనికొస్తుంది? పొద్దుగూకే సరికి కణతలు పగిలిపోయేవి. పైగా ఆ అద్దాలతో నడుస్తుంటే కాలి కింద నేల కనిపించదు. తీస్తూ పెడుతూ ఉంటే గుంపులో వాళ్లు చూడనే చూస్తారు. సెలవులకు వచ్చిన సౌందర్య ఆ జోడును తీసి అవతల పారేసింది.

"గీత లేని అద్దాలొస్తయ్ అమ్మా. ఒక్కదాంట్లనే దూరంది కనవడ్తది, దగ్గరిది కనవడ్తది. మా మేడమ్ పెట్టుకుంటది. గద్వాల పోయి చేపిచ్చుకో" అంది.

చదువుకున్న పిల్ల మాట. కాదనడానికి జములమ్మ దగ్గర ఏ కారణమూ లేకపోయింది.

గద్వాల పాత బస్టాండు దగ్గర షాకీర్ అద్దాల దుకాణం ఉంది. మంచివాడు, నలభై ఏళ్లుంటాయి, గిరాకీని కసురుకోడు. జములమ్మ తలకు నూనె రాసి దువ్వుకుని, పెట్టెలోని పట్టంచు చీర కట్టుకుని మరీ పోయింది. లోపల స్టూలు మీద ఒక మనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు. ముఖం తెలిసినవాడే. కంపెనీకీ రైతులకూ మధ్య తిరిగే ఆర్గనైజర్.

"ఏం పని చేస్తవమ్మా?" అని అడిగాడు షాకీర్.

"చేను పని."

"చదువుడు, కుట్టుడు గిట్ల ఏమన్న ఉంటదా?"

"ఫోన్ల ఎవరు చేసిండ్రో చూసుకుంట. గంతే."

ఇంకేం చెబుతుంది? నేను క్రాసింగ్‌లో వెనుక చూసే మనిషిని, నాకిప్పుడు మొగ్గ కనపడటం లేదని ఆ ఆర్గనైజర్ ముందర చెబితే, ఆమె ఇల్లు చేరేలోపలే ఇటిక్యాలలో తెలిసిపోతుంది. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఆమె మానం కాపాడుకుంది. షాకీర్ ఆమె చెప్పినదాన్నిబట్టి, ఎక్కువ దూరపు చూపు, కొంచెం ఫోను చూసుకునే చూపు అని లెక్క కట్టుకున్నాడు.

"సీదా కూసోని నా దిక్కు చూడమ్మా" అన్నాడు తర్వాత, ఖాళీ ఫ్రేము ఆమె ముఖానికి పెట్టి.

సీదాగా కూర్చోమంటే మా ఆడవాళ్లకు తెలిసింది ఒక్కటే, ఆధార్ కార్డు ఫొటోకు కూర్చున్నట్టు కూర్చోవడం. జములమ్మ వీపు నిటారు చేసి, గదుమ పైకెత్తి, ఊపిరి బిగబట్టింది. ఆమె కనుగుడ్లు ఎక్కడికి వస్తున్నాయో చూసి షాకీర్ పెన్నుతో అద్దం మీద చుక్కలు పెట్టాడు. గదుమ ఎత్తి ఉంది కాబట్టి ఆ చుక్కలు పడాల్సినచోటికంటే కిందికి పడ్డాయి. దగ్గరి చూపు అద్దంలో ఎక్కడ మొదలు కావాలో ఆ చుక్కలే చెబుతాయి. ఆ సంగతి అప్పుడు ఆమెకు తెలియదు. ఆమె మామూలుగా ఎట్లా కూర్చుంటుందో షాకీర్‌కు తెలియదు.

అద్దాలు వచ్చాయి. దుకాణంలో కూర్చుని షాకీర్ ఇచ్చిన అట్ట మీది సన్న అక్షరాలు గుక్కతిప్పుకోకుండా చదివింది. చదివిన సంతోషంలో బస్సెక్కబోతే మెట్టు ఉండాల్సినచోట లేదు. కండక్టరు జబ్బ పట్టుకుని పైకి లాగాడు. షాకీర్ ముందే చెప్పి పంపాడు కూడా.

"కొన్ని దినాలు పరేషాన్ చేస్తయమ్మా. తియ్యకుండ పెట్టుకోవాలె. పక్కకు చూడాలంటే కండ్లు తిప్పొద్దు, తల తిప్పాలె. మెట్లు దిగేటప్పుడు గదుమ కిందికి వంచి చూడాలె. జర ఓపిక పట్టు, అలవాటైతది."

ఓపికకేం కరువు? అది తప్ప ఇంకేమీ లేని మనిషి.

మర్నాడు చేనులోకి పోయింది. అక్కడి సంగతి వేరు. పత్తి మొక్క ఆమె భుజాల దాకా ఉంటుంది. మొగ్గలు మోకాలి దగ్గర ఉంటాయి, రొమ్ము దగ్గర ఉంటాయి, ముక్కుకు ఎదురుగానూ ఉంటాయి. అద్దంలో దగ్గరి చూపు ఉన్నదేమో అడుగున. ముక్కుకు ఎదురుగా ఉన్న మొగ్గను చూడాలంటే గదుమను ఆకాశానికి ఎత్తాలి. దీనికి తోడు ఎండకూ ఆకుల గీతలకూ తలకు, చెవులకు కలిపి తువ్వాల బిగించి చుట్టుకుంటారు అందరూ. అద్దాల కాడలు ఆ తువ్వాల మీదుగా పోవడంతో ఫ్రేము ముక్కు మీదికి జారిపోతుంది. అసలే కింద ఉన్న దగ్గరి చూపు ఇంకా కిందికి దిగిపోతుంది. పక్కసాలు వైపు కన్ను తిప్పితే మొక్కలు నీళ్లలో ఉన్నట్టు ఊగుతాయి.

"ఏందక్కా, నీళ్లు దాగే కోడి లెక్క మెడ ఎత్తుతున్నవ్?" అంది బుజ్జమ్మ. గుంపులో జములమ్మ తర్వాత పెద్దది ఆమే. నోరు ఊరుకోదు కానీ మనసులో ఏమీ ఉండదు.

"మెడ పట్టింది" అంది జములమ్మ.

ఆ సాయంత్రమే నీళ్ల కాలువ లోతు తెలియక అడుగు వేసి బోర్లా పడింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికి పోయి, పొయ్యి వెలిగించే ఓపిక లేక, పొద్దుటి రొట్టె ముక్కను నీళ్లలో తడుపుకుని తిని పడుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తనను తాను తిట్టుకుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో ఆమె చూడకుండానే ఎర్రకాగితం తొడిగిన మొగ్గలు చాలా ఉన్నాయి. మెడ ఎత్తీ ఎత్తీ నరాలు లాగేవి. పొద్దు గూకుతూ ఉండేది. ముందు గుంపు దూరం పోతూ ఉండేది. మసకగా పచ్చటి కాడ ఒకటి కనిపిస్తే సరే అనుకుని కాగితం తొడిగేది. చూశానని తనకు తనే చెప్పుకునేది. కండ్లలో వత్తులేసుకుని చూసే మనిషని పేరున్నదానికి ఇంతకంటే నరకం ఏముంటుంది?

మళ్లీ గద్వాల పోయింది. మళ్లీ తల దువ్వుకుంది, మళ్లీ మంచి చీర కట్టుకుంది. షాకీర్ పాపం అన్నీ చూశాడు. ముక్కు మీద ఆనే రబ్బరు బిళ్లలు సర్దాడు, కాడలు వంచాడు, మిషను మీద పెట్టి పవర్ సరిచూశాడు. మళ్లీ అట్ట చేతికిచ్చి చదవమన్నాడు. కూర్చుని, ఒడిలో అట్ట పెట్టుకుని, కండ్లు కిందికి దించి చదివితే అన్నీ కనిపించాయి.

"అద్దాలు మంచిగనే ఉన్నయమ్మా. నువ్వు పొద్దంత పెట్టుకుంటున్నవా, మధ్యల తీస్తున్నవా?"

"తీస్తలేను."

"మరి ఇంక జర టైం పడ్తది."

దుకాణంలో ఎవరూ లేరు. అప్పుడైనా చెప్పవచ్చు. కానీ ఒకసారి దాచిన మాట రెండోసారి నోటికి రాదు. ఆటోలో ఎర్రవల్లి చౌరస్తా దాకా వచ్చి, అక్కడ ఇంకో ఆటో కోసం నిలబడి, లారీల దుమ్ము ముఖాన పడుతుంటే జములమ్మకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. అలసట వల్ల వచ్చిన ఏడుపు. కొత్త అద్దాలు తీసి కండ్లు తుడుచుకుంటే చౌరస్తా మొత్తం మసకగానైనా ఊగకుండా కనిపించింది.

మూడోసారి పోయింది మాత్రం అనుకుని పోయింది కాదు. ఒకనాడు మధ్యాహ్నమే మొగ్గలు గిల్లడం మొదలయ్యాక, తిరుపతి గిల్లిన మొగ్గ ఒకటి తెంపి తెచ్చి "ఇది చూడు, గింజ మిగిలిందా లేదా?" అని అడిగాడు. వట్టిగా అడిగాడంతే, ఆమెను పరీక్షించాలని కాదు. జములమ్మ మెడ ఎత్తింది, దించింది, మొగ్గను దగ్గరికి తెచ్చింది, దూరం పెట్టింది. ఏమీ కనపడలేదు. "లేదు" అంది. తిరుపతి నమ్మి వెళ్లిపోయాడు. ఆ నమ్మకం ఆమెను కాల్చేసింది. బుజ్జమ్మను వెనుక చూడమని చెప్పి, తువ్వాల తలకే ఉండగా, చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కాతోనే, ఆ మొగ్గను పట్టుకుని గద్వాల ఆటో ఎక్కింది.

"ఏందమ్మా గిట్లొచ్చినవ్?" అన్నాడు షాకీర్.

"తమ్మీ, నేను క్రాసింగ్ పని చేస్త. ఎనక చూసేదాన్ని. ఇగో, గిట్ల చూడాలె నాకు" అని మొగ్గను ముఖానికి ఎదురుగా, మూర కంటే తక్కువ దూరంలో పట్టుకుని చూపించింది.

షాకీర్ మొగ్గ ఎక్కడుందో చూశాడు, తువ్వాల మీద అద్దాలు ఎక్కడికి జారాయో చూశాడు. ఆమె గదుమ కింద వేలు పెట్టి, మామూలుగా పనిలో ఉన్నట్టు ఉండమన్నాడు. మళ్లీ చుక్కలు పెట్టి చూస్తే పాతవాటికీ వీటికీ పొంతనే లేదు.

"ముందే చెప్తె అయిపోతుండె గదమ్మా. ఈ అద్దాలు బజారుకు, బస్సుకు, ఇంట్లకు. చుక్కలు తప్పుగ పడ్డయ్, నేను మార్చి చేపిస్త. కాని నీ పనికి ఇవి ఎన్నడు పనికి రావు. ఎదురుగ పెట్టుకోని దగ్గరిది చూడాలె నువ్వు. అద్దం మొత్తం దగ్గరి చూపుదే ఉండాలె. నీ చెయ్యి దూరానికి కొలిచి వేరే జోడు చేస్త. నడిచేటప్పుడు తియ్యి, మొగ్గ పట్టుకున్నప్పుడు పెట్టుకో. మెడకు తాడు కట్టిస్త."

"తీసుకుంట పెట్టుకుంట ఉంటే అందరు చూస్తరు తమ్మీ."

"చూడనియ్యి" అన్నాడు షాకీర్.

దగ్గరి చూపు జోడు తయారై వచ్చిన రోజు సాయంత్రం జములమ్మ మెడకు తాడు వేసుకుని చేనులోకి పోయింది. మొదటి మొగ్గ పట్టుకుంది. కాడ మొదట్లో లేత పసుపు గింజ ఒకటి, ఎంత స్పష్టంగా ఉందంటే దాని మీది గరుకు కూడా తెలుస్తోంది. గోటితో గీరేసింది. నాలుగు మొగ్గల తర్వాత ఇంకొకటి. ఆ సాలు చివరికి వచ్చేసరికి గీరేసినవి గుప్పెడయ్యాయి. సంతోషించాల్సిన మనిషి గట్టు మీద కూలబడిపోయింది. ఇవాళ ఇన్ని కనిపించాయంటే, కనిపించని ఆ రోజుల్లో ఎన్ని వదిలేసినట్టు?

బుజ్జమ్మ వచ్చి పక్కన కూర్చుంది. జములమ్మ అంతా చెప్పింది.

"నోరు మూసుకో అక్కా" అంది బుజ్జమ్మ గొంతు తగ్గించి. "నువ్వు చెప్పకుంటె ఎవ్వరికి తెల్వది. లాటు ఫెయిలైతె వర్షమని అంటరు, ఇత్తనమని అంటరు. నీ పేరు పోతె గుంపు పేరు పోతది. మా కడుపులు గూడ చూడు."

అబద్ధమేమీ చెప్పలేదు బుజ్జమ్మ. ఆమెకూ ఇల్లుంది, పిల్లలున్నారు. జములమ్మ ఆమెను తప్పుపట్టలేదు. కానీ లేచి తిరుపతి దగ్గరికి పోయింది. అతను మోటరు దగ్గర పైపు సరిచేసుకుంటున్నాడు.

"తిరుపతన్నా, నాకిన్ని దినాలు మొగ్గ కనవడలె. అద్దాలు తప్పొచ్చినయ్. కనవడకుంటనే కాగితాలు తొడిగిన. ఆ దినాల పిందెలు నమ్మరాదు, తెంపెయ్యాలె."

తిరుపతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పైపు కింద పడేశాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని జములమ్మ తర్వాత అనుకుంది.

"ఇప్పుడు కనవడ్తుందా?"

"కనవడ్తుంది."

"కనవడనప్పుడు కనవడతలేదని చెప్పలె నువ్వు. ఇప్పుడు కనవడ్తుందంటె ఎట్ల నమ్మాలె?"

ఇన్నేళ్లలో జములమ్మను ఎవరూ అడగని ప్రశ్న అది.

మర్నాడు పొద్దున్నే పిందెలు తెంపడం మొదలుపెట్టారు. ఏ మొగ్గ ఎప్పటిదో పిందె సైజు చూస్తే తెలిసిపోతుంది. చిన్న పిందెలన్నీ తెంపి సాళ్ల మధ్య పడేస్తూ పోయారు. కొత్త అద్దాల్లోంచి జములమ్మకు ప్రతి పిందే కనిపించింది. అన్నీ నున్నగా, పచ్చగా, దిట్టంగా ఉన్నాయి. అందులో ఏది మంచిదో ఏది కాదో ఏ అద్దమూ చెప్పలేదు. మంచివి కూడా చెడ్డవాటితో పోతున్నాయని తెలిసే తెంపింది. గుంపులో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. బుజ్జమ్మ ఎదురుసాలులో ముఖం అటు తిప్పుకుని తెంపింది.

సాయంత్రం మళ్లీ మొగ్గలు గిల్లడం మొదలైంది. తనను రావద్దంటాడేమోనని జములమ్మ గట్టు దగ్గర నిలబడి చూసింది. తిరుపతి వద్దనలేదు, రమ్మనలేదు. ఆమె వెళ్లి గుంపు వెనుక తన చోటులో నడవడం మొదలుపెట్టింది. కొంతదూరం పోయాక వెనుక ఆకులు చప్పుడయ్యాయి. తిరుపతి ఆమె వెనుక నడుస్తున్నాడు. ఆమె చూసి వదిలిన మొగ్గల కాగితాలు తీసి మళ్లీ చూస్తున్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. అద్దాలు పెట్టుకోవడం, మొగ్గ చూడటం, గీరడం, కాగితం తొడగడం, అద్దాలు వదిలి అడుగు వేయడం. గుంపంతా ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసి మళ్లీ పనిలో పడింది. ఒక మనిషి తన పనిని తాను చేస్తుండగా ఇంకో మనిషి దాన్ని విప్పి చూస్తుంటే ఎట్లా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఇన్నేళ్లు ఆ ఆడవాళ్లు తన ముందర ఎట్లా పని చేశారో జములమ్మకు ఆ పూట అర్థమైంది. కాళ్లు లాగుతున్నాయి, మెడ ఇంకా నొప్పిగానే ఉంది. పక్కకు పోయి పడుకోవాలని ఉంది.

సాలు సగంలో వెనుక చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్లీ వినిపించలేదు. ఏదో దొరికినట్టుంది అనుకుని తిరిగి చూసింది.

తిరుపతి మొగ్గను కొమ్మతో సహా వంచి, చెయ్యి చాచగలిగినంత దూరం చాచి, తల వెనక్కి లాగి, కండ్లు చికిలించి చూస్తున్నాడు. దగ్గరికి తెచ్చాడు. మళ్లీ దూరం పెట్టాడు. మళ్లీ దగ్గరికి తెచ్చాడు. కాగితం తొడిగేసి, సరే అన్నట్టు తల ఊపుకుని, పక్క మొగ్గను పట్టుకున్నాడు.

జములమ్మకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. వెనక్కి నాలుగడుగులు నడిచి, మెడలోంచి తాడు తీసి, అద్దాలను కొంగుతో తుడిచి అతని ముందుకు చాచింది.

"పవర్ నీ కండ్లకు సరిగ కుదరకపోవచ్చు. అయిన చూడన్నా" అంది.

తిరుపతి అద్దాల వైపు చూశాడు. గుంపు వైపు చూశాడు. అందరూ వంగి పనిలో ఉన్నారు. రోడ్డు వైపు కూడా ఒకసారి చూసి, ఎవరూ రావడం లేదని తేల్చుకున్నాక, గబుక్కున అద్దాలు పెట్టుకుని మొగ్గ మీదికి వంగాడు. ఇందాక తొడిగిన కాగితం తీశాడు. లోపలికి చూశాడు. కొమ్మను అటూ ఇటూ తిప్పి కాడ మొదలంతా చూశాడు.

"సాఫే ఉంది, గింజ లేదు" అన్నాడు చివరికి, తల ఎత్తకుండా.